విదేశీ ప్రభుత్వాల ప్రచారాన్ని ఆపాలా, దాని పుట్టిల్లు చెప్పిస్తే చాలా?

ప్రశ్న (హన్మకొండ)
మా నాన్న చందా కట్టి తెప్పించిన ‘సోవియట్ భూమి’ నున్నటి కాగితాలతో బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్నవాణ్ని నేను. అది సోవియట్ ప్రభుత్వ ప్రచారమని ఇంటిల్లిపాదికీ తెలుసు, అయినా దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి ఎవరు తీశారో, ఏ దేశంలో తయారయ్యాయో తెలియని యుద్ధ వీడియోలు వస్తున్నాయి. 2022 మార్చిలో యూరోపియన్ యూనియన్ రష్యా వారి ఆర్‌టీ, స్పుత్నిక్ ప్రసారాలను నిషేధించింది. మనకూ అటువంటి కట్టడి అవసరమంటారా?

జవాబు (కరీంనగర్)
అవసరమే సార్. 1983లో, ఎయిడ్స్ క్రిమిని అమెరికా సైన్యమే తయారుచేసిందన్న కథ ఢిల్లీలోని ‘పేట్రియాట్’ పత్రికలో, ఒక అమెరికన్ శాస్త్రవేత్త రాసినట్టుగా, పేరు లేని ఉత్తరంగా అచ్చయింది. 1985లో ఒక సోవియట్ పత్రిక ఆ భారతీయ పత్రికనే ఆధారంగా చూపి అదే కథను మళ్లీ వేసింది. అంటే మన గడప సోవియట్ వాళ్ల అబద్ధానికి సాక్షి సంతకమైంది. మీ నాన్నగారి పత్రిక తలుపు తట్టి వచ్చింది, ఇది దొడ్డిదారిన వచ్చింది.

జవాబు (వరంగల్, వకీలు)
దొడ్డిదారి మూయాలన్నది సరే, తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందన్నదే నా దిగులు. సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ కింద ప్రభుత్వం ఇప్పటికే వెబ్‌సైట్లను, ఖాతాలను ఆపగలదు. 2015లో, నెట్‌లో నొప్పించే రాతలను నేరంగా చూసే 66ఏ సెక్షన్‌ను కొట్టివేసిన సుప్రీంకోర్టు దీన్ని మాత్రం నిలబెట్టింది. అయితే 2009 నాటి నిబంధనల ప్రకారం ఫిర్యాదులను, వాటిపై చర్యలను గోప్యంగా ఉంచాలి కనుక, ఆపినది విదేశీ అబద్ధమో స్వదేశీ విమర్శో చదువరికి తెలిసే వీలు తక్కువ. అమెరికాలో విదేశీ కమ్యూనిస్టు ప్రచార సాహిత్యాన్ని తపాలా శాఖ అట్టిపెట్టి, కావాలని కార్డు రాసి పంపినవారికే ఇచ్చేది. అలా అడగడానికే మనిషి జంకుతాడని 1965లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసింది. అందుకే నేను కోరేది నిషేధం కాదు, ఏ ప్రభుత్వం డబ్బుతో తయారైందో బయటపెట్టించే చట్టం.

ప్రశ్న వేసినవారు
వకీలు గారూ, మీ మాటకే మొగ్గుతున్నాను, కానీ ఒక చిక్కుంది. అట్ట వేశాక కూడా పత్రిక పేరు ఏదో మూల కనబడేది. వీడియోను ముప్పై సెకన్లకు కత్తిరించి పంపితే మీరు రాయించిన ఆ చీటీ మొదటే రాలిపోతుంది.

జవాబు (వరంగల్, వకీలు)
నిజమే. ఆ ముక్కను ముందుగా ఎక్కించిన ఖాతా దాకా వెళ్లడం కంపెనీల పని కావాలి. మీ గ్రూపుకు పంపినవారిని పట్టుకుంటే దొరికేది మీ పక్కింటాయనే.