డల్లాస్, హైదరాబాద్ మధ్య గ్రూప్ ప్రాజెక్ట్: ఏ టూల్స్ పెట్టుకోవాలి?

ప్రశ్న (డల్లాస్)
అందరికీ నమస్కారం అండి. ఎమ్మెస్‌కి ఈ ఆగస్టులోనే వచ్చాను. నలుగురం కలిసి ఒక వెబ్ యాప్ చేస్తున్నాం, ఇద్దరు హైదరాబాద్‌లో ఉన్నారు. ఇన్నాళ్లూ కోడ్ జిప్ చేసి వాట్సాప్‌లో పంపుకున్నాం. కోడ్‌ని ఆన్‌లైన్‌లో ఒకేచోట ఉంచి కలిసి మార్చుకునే సైట్లలో గిట్‌హబ్ మేలా, గిట్‌ల్యాబా? డబ్బు పెట్టే పరిస్థితి లేదు.

జవాబు (ఫ్రిస్కో, డల్లాస్ పక్కనే)
తమ్ముడూ, గిట్‌ల్యాబ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ గ్రూపుకి ఐదుగురే. రేపు ఇంకో ఇద్దరు చేరితే ఇరుక్కుంటారు. గిట్‌హబ్‌లో ఆ పరిమితి లేదు, టెస్టులు నడపడానికి నెలకు 2,000 నిమిషాలు కూడా వస్తాయి. గిట్‌హబ్‌కే వెళ్లండి.

ఒక మెలిక మాత్రం ఉంది. ఉచిత ఖాతాలోని ప్రైవేట్ రిపోకి (బయటివాళ్లకి కనబడని కోడ్ నిల్వకి) బ్రాంచ్ ప్రొటెక్షన్, అంటే ప్రధాన కోడ్‌ని ఎవరుపడితే వాళ్లు నేరుగా మార్చకుండా ఆపే కాపలా, రాదు, మీకు అన్నిటికంటే అవసరమైనది అదే. నువ్వు పడుకున్నాక అక్కడ ఎవరో మెయిన్‌లోకి, అంటే అందరూ వాడే ప్రధాన కోడ్‌లోకి, సగం కోడ్ తోసేస్తే, పొద్దున నీకు యాప్ తెరుచుకోదు. అడుగుదామంటే వాళ్లకి అప్పటికే సాయంత్రం. అందుకని యూనివర్సిటీ మెయిల్‌తో గిట్‌హబ్ విద్యార్థులకిచ్చే స్టూడెంట్ డెవలపర్ ప్యాక్‌కి అప్లై చెయ్యి. ఓకే అయితే ఆ కాపలా ఉండే గిట్‌హబ్ ప్రో ప్లాన్ ఉచితం. రిపోని ఆర్గనైజేషన్ (టీమ్ పేరుతో తెరిచే ఉమ్మడి ఖాతా) కింద కాకుండా నీ ఖాతా కిందే తెరువు, ప్రో వర్తించేది సొంత ఖాతాకే. మెయిన్‌కి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు చూసి కలపండి అని అడగడం) తప్పనిసరి చేసి, ఒక్కరి అప్రూవల్ చాలని పెట్టు. రెండు పెడితే అవతలి ఊరివాళ్ల కోసం ప్రతి చిన్న మార్పూ ఒక రోజు ఆగుతుంది. ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లోనే ఒకరిది ఒకరు చూసుకోండి. డేటాబేస్ టేబుళ్లు, ఏపీఐలు (యాప్ భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులు) మారితే మాత్రం అవతలి ఊరివాళ్లు చూడాల్సిందే.

కాల్ ఒకటి పెట్టుకోండి: ఇక్కడ ఉదయం 8 అంటే అక్కడ సాయంత్రం 6:30. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి జరుగుతుంది కాబట్టి అప్పట్నుంచి వాళ్లకి 7:30. కాల్‌లో తేలిన విషయం గిట్‌హబ్‌లోని ఇష్యూలో (ఒక్కో పనికి ఉండే చర్చా పేజీలో) రాయండి. వాట్సాప్‌లో రాస్తే వారం తర్వాత దొరకదు.

జవాబు (మ్యూనిక్)
పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటి రోజు తగిలే రాళ్లు ఇవి. పాస్‌వర్డ్‌తో పుష్ చేయడం, అంటే కోడ్‌ని పైకి పంపడం, గిట్‌హబ్ 2021 ఆగస్టులోనే ఆపేసింది, పాస్‌వర్డ్ బదులు మిమ్మల్ని గుర్తుపట్టే ఎస్ఎస్‌హెచ్ కీ చేసుకోండి. క్యాంపస్ వైఫైలో ఎస్ఎస్‌హెచ్ వాడే దారి పోర్ట్ 22 మూసి ఉంటే పోర్ట్ 443 మీద కూడా పనిచేస్తుంది.

విండోస్, మ్యాక్ కలిసి ఉంటే లైన్ ఎండింగ్స్ (లైను చివర ఉండే కనబడని గుర్తు, రెండింటిలో వేరు) గొడవ తప్పదు: ఒక్క లైను మార్చినా ఫైలంతా మారినట్టు చూపిస్తుంది, రివ్యూ చేసేవాళ్లకి ఏం మారిందో తెలియదు. ఫైళ్లని ఎలా చూడాలో గిట్‌కి చెప్పే గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్ మొదటి కమిట్‌లోనే (మార్పులని మొదటిసారి భద్రపరిచేటప్పుడే) పెట్టి, టెక్స్ట్‌కి ఆటో అని రాయండి. ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంచండి. పెద్ద అక్షరం ఒకటి తేడా పడినా మ్యాక్‌లో నడుస్తుంది, లైనక్స్‌లో టెస్టు పడిపోతుంది.

ప్రశ్న (డల్లాస్)
చాలా థాంక్స్ అండి. పాత జిప్ విప్పి మొత్తం ఒకే కమిట్‌గా పుష్ చేశాం, 100 ఎంబీ దాటిందని తిప్పికొట్టింది. ఆ వీడియో ఫైల్ తీసేసి మళ్లీ కమిట్ చేసినా అదే ఎర్రర్.

జవాబు (మ్యూనిక్)
తీసేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంది, పుష్ చేస్తే చరిత్రంతా వెళ్తుంది కదా. ఇంతవరకూ ఏదీ పైకి వెళ్లలేదు కాబట్టి సులువే. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో దాగి ఉన్న గిట్ ఫోల్డర్ ఒక్కటే తీసేసి, కొత్త చరిత్ర మొదలెట్టే గిట్ ఇనిట్ కమాండ్‌తో మొదలెట్టండి. యాడ్ చేసేముందే నోడ్ మాడ్యూల్స్ (దింపుకున్న లైబ్రరీలు), వీడియోలు, రహస్య కీలు ఉండే ఎన్వ్ ఫైల్ గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితాలో) రాయండి. లైబ్రరీల వెర్షన్లు రాసి ఉండే ప్యాకేజ్ లాక్ ఫైల్‌ని మాత్రం ఇగ్నోర్ చేయకండి, అది లేకపోతే నలుగురి దగ్గరా నాలుగు వెర్షన్లు దిగుతాయి. ఆ జిప్‌లో ఏపీఐ కీలు (బయటి సేవలు వాడే రహస్య కోడ్‌లు) ఉంటే, అది ఎవరెవరి ఫోన్లలో ఉందో తెలియదు కాబట్టి, వాటిని ఇవాళే రద్దు చేసి కొత్తవి తీసుకోండి.