‘ప్రేమమ్’లో మలర్ మనిషేనా?

చాక్‌పీస్: 2015లో వచ్చిన మలయాళం ‘ప్రేమమ్’ నిన్న మళ్లీ చూశాను. జార్జ్ జీవితంలో ముగ్గురమ్మాయిలు, మేరీ, మలర్, సెలిన్. అందరూ నెత్తిన పెట్టుకునేది మలర్‌నే. కానీ ఆ లెక్చరర్‌కి ఏం కావాలో సినిమాలో ఎక్కడైనా ఉందా? వస్తుంది, కుర్రాళ్లకి స్టెప్పులు నేర్పుతుంది, యాక్సిడెంట్‌లో అన్నీ మర్చిపోతుంది, వెళ్లిపోతుంది.

సెకండ్‌షో: అన్నీ మర్చిపోయి వెళ్లిపోలేదండీ. చివర్లో జార్జ్ పెళ్లికి వచ్చి భర్తతో అన్న మాటని బట్టి ఆమెకి గుర్తొచ్చిందని తెలుస్తుంది. చెప్పకుండా వెళ్లడం ఆమె నిర్ణయం. పైగా సాయిపల్లవిని మొటిమలతో అలాగే చూపించారు, అంతకంటే మామూలు మనిషి ఎవరుంటారు?

గోదారిగట్టు: 2016లో తెలుగులో శ్రుతి హాసన్ చేసింది కదా. నాకు అదే ఇష్టం.

చాక్‌పీస్: గుర్తొచ్చిందా లేదా అన్నది కాదు నా ప్రశ్న.

సెకండ్‌షో: అదే అసలు ప్రశ్న. ఆ సీన్ మళ్లీ చూడండి.

బ్యాక్‌బెంచ్: 2007 ‘హ్యాపీ డేస్’లో కమలినీ ముఖర్జీ కూడా లెక్చరరే. మనకీ ఉంది ఈ మోజు.

చాక్‌పీస్: చూశాను, నాలుగుసార్లు. నేను అప్పట్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, నాకు ఇరవై ఆరేళ్లు. ఆ ఏడాది చీర కట్టుకుని క్లాసుకి వెళ్తే చాలు, వెనక నుంచి ‘మలర్ మిస్’ అని కేకలు. బోర్డు మీద రాస్తుంటే ఫోన్‌లో ఫొటోలు తీశారు. పైవాళ్లకి చెబితే ‘పిల్లలకి మీరంటే ఇష్టం, సంతోషించండి’ అన్నారు. ఆ సెమిస్టరంతా వీపు క్లాసు వైపు తిరగకుండా పక్కకి నిలబడి రాశాను, అక్షరాలన్నీ వంకర.

సెకండ్‌షో: అది మీ కాలేజీ తప్పు, సినిమాకి అంటగట్టకండి! ఇంటర్‌లో మా ట్యూషన్‌కి ఒకమ్మాయి వచ్చేది. రెండేళ్లు చూశాను, ఆమె ఇంటిపేరు కూడా తెలీదు నాకు. ఆ వయసులో ప్రేమంటే అంతే. జార్జ్‌కి ఎంత తెలుసో అంతే చూపించారు. అది తప్పంటే ఆ రెండేళ్లూ తప్పేనా?

చాక్‌పీస్: మీకు తెలీకపోవడం తప్పు కాదు. తీసినవాళ్లకి తెలియాలి. జార్జ్ లేని ఒక్క సీన్‌లో, ఆమె గదిలో ఒంటరిగా కూర్చుని ఈ కుర్రాడితో ఏం చెయ్యాలా అని భయపడటం చూపిస్తే అతని ప్రేమ తగ్గిపోతుందా?

సెకండ్‌షో: తగ్గిపోతుంది. ఆమెకి భయం వేసిందని తెలిస్తే, ట్యూషన్ బయట సైకిల్ పట్టుకుని రోజూ నిలబడ్డ నన్ను నేను ఇంకోలా చూసుకోవాలి. అది నాకిష్టం లేదు, అందుకే ఆ సీన్ వద్దంటున్నాను.