ఎండలో లేజర్ గీత కనబడటం లేదు: పెరట్లో డెక్కుకు మట్టం ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: పెరటిమడి (కమ్మింగ్, జార్జియా)

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున చెక్క డెక్కు వేసుకోవాలని నేనూ మావారూ అనుకుంటున్నాం. ఇంటి గోడకు బిగించకుండా సొంత స్తంభాల మీద నిలబడేది. దాని పక్కన 10 అడుగుల వెడల్పున పేవర్ రాళ్లు పరిచిన అరుగు, ఇంకా కిందికి గోంగూర, బచ్చలి, వంగ వేసుకోవడానికి రెండు మడులు. నేల ఎర్ర బంకమన్ను. ఇంటి నుంచి కంచె వైపు పల్లంగా ఉంది కానీ ఎంత పల్లమో కంటితో చెప్పలేకపోతున్నాను.

వంటింట్లో అలమరలు బిగించడానికి కొన్న ఆకుపచ్చ క్రాస్ లైన్ లేజర్ (గోడ మీద అడ్డంగా, నిలువుగా కాంతి గీతలు వేసేది) మా దగ్గర ఉంది. ఇంట్లో గీత చక్కగా పడుతుంది. పెరట్లో పగటిపూట పది అడుగుల దూరంలో కూడా జాడ ఉండదు. పెట్టెలో వచ్చిన రంగు కళ్లద్దాలు పెట్టుకున్నా అంతే. చీకటి పడ్డాక చేద్దామంటే మాకు తీరిక దొరికేది శని, ఆదివారాల పగళ్లలోనే. ఇంకా బలమైన లేజర్ కొనాలా? గిరగిరా తిరిగే రోటరీ లేజర్ తప్పదా? అన్నిటికన్నా నాకు భయం నీళ్లంటే. ఇక్కడి వేసవి వానలకు నీళ్లు పునాది వైపు మళ్లకూడదు.

జవాబు: చెక్కపని (ఫ్రిస్కో, టెక్సాస్)

బలమైనది కొనకండి. మీ పరికరం మీద పల్స్ మోడ్ మీట ఉందేమో ముందు చూడండి. ఉంటే రిసీవర్ (లేజర్ కిరణం తగిలితే చప్పుడు చేసే చిన్న పరికరం) ఒక్కటి కొనుక్కుంటే చాలు. లేకపోతే ఆ లేజర్ ఇంట్లో పనికే. మిగతా వివరం తెలిసినవాళ్లు రాస్తారు.

జవాబు: కాలువగట్టు (షార్లెట్, నార్త్ కరోలినా)

అమ్మా, మొదట కృష్ణా డెల్టాలో కాలువ పనుల మీద, తరవాత ఇక్కడ పెరళ్ల పనుల్లో, నా బతుకంతా మట్టాలు చూడటంతోనే గడిచింది. ఈ విషయం నాకు చాలా ఇష్టం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

గీత ఎందుకు కనబడదంటే, మన కంటికి 555 నానోమీటర్ల దగ్గర కాంతి అన్నిటికన్నా బాగా తెలుస్తుంది. ఆకుపచ్చ లేజర్ దానికి దగ్గర, ఎరుపు దూరం. అందుకే ఒకే బలంలో ఆకుపచ్చ ఎక్కువ మెరుస్తుంది. అయితే ఆ లాభం గదిలోనే. క్రాస్ లైన్ లేజర్ తనకున్న కొద్దిపాటి కాంతిని విసనకర్రలా వెడల్పుగా పరుస్తుంది, కాబట్టి ఏ ఒక్క చోటా పడేది స్వల్పం. ఎండ ముందు అది నిలవదు. ఇంట్లో వాడే రెండో తరగతి లేజర్లు 1 మిల్లీవాట్ లోపే ఉంటాయి. అది మన కళ్ల క్షేమం కోసం పెట్టిన హద్దు. కనబడటం లేదని దాన్ని దాటి బలమైనవి తెచ్చుకుంటే, పెరట్లో ఆడుకునే పిల్లల కళ్లకు ప్రమాదం. ఆ రంగు కళ్లద్దాలు కూడా గీత తేటగా తెలియడానికి చేసినవే, కంటికి రక్షణ ఇవ్వవు. అవి పెట్టుకున్నాం కదా అని కిరణంలోకి చూడకండి.

కాబట్టి ఆరుబయట కిరణాన్ని చూడాలనే ఆలోచన వదిలేయండి, వినండి. పల్స్ మోడ్‌లో లేజర్ కాంతి మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతూ ఉంటుంది. రిసీవర్ ఆ లయను ఎండ కాంతిలోంచి వేరు చేసి పట్టుకుంటుంది. మట్టానికి పైన ఉంటే ఒక రకం చప్పుడు, కింద ఉంటే మరో రకం, సరిగ్గా అందితే ఆగకుండా మోగుతుంది. కొన్నేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. రిసీవర్ మీ లేజర్‌కు సరిపోయేదై ఉండాలి, వీలైతే అదే కంపెనీది. ఆకుపచ్చను పట్టేదో కాదో అడగండి, ఎరుపును మాత్రమే పట్టేవి కూడా అమ్ముతారు.

16 అడుగుల డెక్కుకు రోటరీ కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. రోటరీలో కాంతి అంతా ఒక చుక్కగా ఉండి గిరగిరా తిరుగుతుంది, అందుకే వందల అడుగుల దూరంలోనూ రిసీవర్‌కు అందుతుంది. మొత్తం పెరడు చదును చేయించేటప్పుడు దాన్ని ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి, పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇస్తారు.

ఇక అసలు పని. లేజర్ మీకు ఇచ్చేది గాలిలో ఒక సమతలం, అంతే. డెక్కు ఎంత ఎత్తు, నీళ్లు ఎటు పోవాలి అన్నది అది చెప్పదు. అవి చెప్పేది కర్ర మీద అంకె. ఒక నిటారైన చెక్క పట్టీకి కొలత టేపు అంటించి, రిసీవర్ దాని మీద జారేలా బిగించండి. పట్టీని నేల మీద నిలబెట్టి, రిసీవర్ ఆగకుండా మోగిన చోట అంకె రాసుకోండి. అంకె పెరిగిందంటే నేల దిగిందని. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. కాగితం మీద పైన ఈ ఒక్క ముక్క రాసి పెట్టుకోండి.

మొదటి అంకె ఎప్పుడూ కదలని చోట తీయాలి. మీ ఇంటికి అది వెనక తలుపు గడప. నేలలో పాతిన మేకు, కంచె కర్ర, కుండీ అంచు పనికిరావు. పని మధ్యలో, చివర మళ్లీ గడప మీద పట్టీ పెట్టి చూడండి. అంకె మారితే త్రిపాది కదిలిందన్నమాట. వాన తరవాత బంకమన్నులో త్రిపాది కాళ్లు కొద్దికొద్దిగా దిగిపోతాయి, పరికరం తనంత తాను మట్టం సరిచేసుకుంటుంది కాబట్టి బయటికి ఏ తేడా తెలియదు. మట్టం సరిగానే ఉంటుంది, ఎత్తు మాత్రం తగ్గిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు కూడా పరికరం లోపలి లోలకం ఊగుతుంది, అప్పుడు ఆగడం మేలు.

పరికరం నిజం చెబుతోందో లేదో చూడటానికి పాత పద్ధతి ఉంది. దూరంగా రెండు మేకులు పాతి, లేజర్‌ను సరిగ్గా వాటి మధ్య నిలబెట్టి రెండింటి మీదా అంకెలు తీయండి. పరికరంలో దోషం ఉన్నా రెండు వైపులా సమానంగా పడుతుంది కాబట్టి వాటి తేడా నిజమైనది. తరవాత లేజర్‌ను ఒక మేకు పక్కకు జరిపి, పరికరం అదే ముఖంతో ఆ రెండు మేకులనూ మళ్లీ చూడండి. తేడా మారకపోతే పరికరం మంచిది. లైన్ లేజర్లకు తయారీదారులు సాధారణంగా 10 మీటర్లకు 3 మిల్లీమీటర్ల వరకు తేడా ఉండవచ్చని రాస్తారు. డెక్కుకు అది పట్టించుకోనక్కర్లేదు.

నీళ్ల సంగతి. డెక్కు సమంగానే వేయండి, పలకల మధ్య సందుల్లోంచి నీళ్లు కిందికి పోతాయి. వాటం ఉండాల్సింది డెక్కు కింద నేలకు. అమెరికా నివాస గృహాల నియమావళి పునాది నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలంటుంది. రాళ్లు, కాంక్రీటు పరిచిన చోట నూటికి 2 వంతులు చాలు, అంటే అడుగుకు పావు అంగుళం. మీ 10 అడుగుల అరుగుకు రెండున్నర అంగుళాలు.

గడప, ఇంటి పక్క నేల, డెక్కు చివర నేల, ఆ చివర నుంచి ఇంకో 3 అడుగుల అవతల నేల: ఈ నాలుగు చోట్లా అంకెలు తీసి ఇక్కడ రాయండి. చివరిది ఎందుకో తరవాత చెబుతాను. గుంటలు తవ్వేముందు 811కు ఫోన్ చేయడం మరవకండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళతారు.

జవాబు: పాతమేస్త్రి (తెనాలి, ప్రస్తుతం మా అమ్మాయి దగ్గర న్యూజెర్సీలో)

కాలువగట్టు గారు చెప్పింది బాగుంది. అయినా అమ్మా, రిసీవర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పారదర్శకంగా ఉండే సన్న గొట్టం కొని నీళ్లు నింపుకుంటే మట్టం వచ్చేస్తుంది. మా కాలంలో ఇళ్లన్నీ అలాగే కట్టాం. మూల తిరిగినా, మధ్యలో చెట్టు అడ్డం వచ్చినా గొట్టానికి లెక్కలేదు. లేజర్ అక్కడ గుడ్డిది.

అయితే శ్రద్ధ కావాలి. గొట్టాన్ని బకెట్లోంచి నీళ్లు లాగి నెమ్మదిగా నింపాలి, లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. చూసేటప్పుడు రెండు కొసలూ తెరిచి ఉండాలి. గొట్టం సగం ఎండలో, సగం నీడలో పడి ఉంటే వేడెక్కిన వైపు నీళ్లు తేలికై కొంచెం పైకి నిలబడతాయి, తప్పు మట్టం చూపిస్తాయి. రసమట్టం (గాలి బుడగ చూసి మట్టం చెప్పే పట్టీ) మీద ఆధారపడి 16 అడుగులు మాత్రం లాక్కుపోకండి. అది ఒక జాయిస్టు (పలకల కింద మోసే అడ్డకర్ర) సరిచూసుకోవడానికి మంచిది, మూల నుంచి మూలకు కాదు.

జవాబు: వరిమడి (మిర్యాలగూడ)

మా పొలాలు చదును చేసే లేజర్ లెవెలర్ కూడా ఇదే పద్ధతి. గట్టు మీద త్రిపాదిపై తిరిగే లేజర్, ట్రాక్టరు వెనక బకెట్ మీద నిలువు కడ్డీ, దానికి రిసీవర్. మట్టం దాటితే హైడ్రాలిక్ కవాటం తనే బకెట్‌ను ఎత్తుతుంది, దించుతుంది. డ్రైవరు చేయి పెట్టనక్కర్లేదు. బకెట్ దించే ముందు మేం పొలమంతా గళ్లుగళ్లుగా అంకెలు తీసి సగటు కడతాం. ఆ సగటు మట్టానికి చదును చేస్తే తవ్విన మట్టి నింపడానికి సరిపోతుంది, బయటినుంచి తేవాల్సిన పని ఉండదు. మీ మడుల కిందా అలా చేసి చూడండి. నీళ్లు సమంగా నిలిస్తే మొక్క సమంగా ఎదుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: పెరటిమడి

మా లేజర్‌కు పల్స్ మోడ్ ఉంది! రిసీవర్ తెప్పించాం, నిన్న మధ్యాహ్నం మండే ఎండలో కూడా పనిచేసింది. అంకెలివి: గడప మీద 31 అంగుళాలు, ఇంటి పక్క నేల 47, డెక్కు చివర నేల 63, ఇంకో 3 అడుగుల అవతల 67. డెక్కు పై మట్టం గడపకు 4 అంగుళాలు కింద ఉండాలని కోరిక. స్తంభాలు ఎక్కడ కోయాలి?

జవాబు: కాలువగట్టు

చక్కగా తీశారు. గడప 31, దానికి 4 కింద డెక్కు, కాబట్టి డెక్కు పైభాగం మీద పట్టీ 35 చూపాలి. పలక మందం 1 అంగుళం, 2×8 జాయిస్టు పేరుకు 8 అంగుళాలైనా నిజమైన లోతు ఏడుంపావు. 35కు ఈ రెండూ కలపండి: 43 పావు. స్తంభాల తలలన్నీ ఆ అంకె దగ్గర కోయాలి. ఇంటి వైపు స్తంభం నేల మీద మూడుంముప్పావు అంగుళాలే ఉంటుంది, అవతల 19 ముప్పావు. ఇంటి వైపు చోటు చాలదు కాబట్టి దూలం మీద జాయిస్టులు పేర్చకండి. దూలానికి పక్కనే హ్యాంగర్లతో (జాయిస్టు కొసను పట్టి ఉంచే లోహపు బిగింపులు), ఒకే మట్టంలో బిగించండి. నేలకు అంత దగ్గరగా ఉండే చెక్క నేల తాకినా పాడవని శుద్ధి చేసినదై ఉండాలి.

ఇప్పుడు ఆ నాలుగో అంకె. డెక్కు చివర ఎత్తు 63లోంచి 35 తీస్తే 28 అంగుళాలు. ఎత్తు 30 అంగుళాలు దాటితేనే రెయిలింగ్ తప్పనిసరి, ఇది దాటలేదు కదా అని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నియమావళి ప్రకారం అంచు నుంచి 36 అంగుళాల లోపు నేల ఎంత లోతుందో కూడా చూడాలి. మీకు అక్కడ 32. కాబట్టి రెయిలింగ్ తప్పనిసరి. గుంటల మట్టి పోసి అక్కడ నేల లేపవచ్చు, కానీ నేనైతే రెయిలింగే పెడతాను. డెక్కు 192 చదరపు అడుగులే, ఇంటికి తగిలించనిది. ఇలాంటివాటికి 200 లోపైతే నియమావళిలో అనుమతి మినహాయింపు ఉంది. అయితే కౌంటీలు మార్పులు చేసుకుంటాయి, కార్యాలయంలో అడిగే మొదలుపెట్టండి.

అరుగు గురించి ఒక హెచ్చరిక. మీ నేల 12 అడుగుల్లో 16 అంగుళాలు దిగుతోంది. పునాదికి అది మంచిదే. అరుగు 10 అడుగుల్లో రెండున్నరే దిగుతుంది, నేల మాత్రం దాదాపు 13 దిగుతుంది. ఇంటి దగ్గర రాయి నేలతో సమంగా 47 దగ్గర మొదలుపెడితే, అవతలి అంచున రాయి పైభాగం 49 న్నర, నేల 60 దాటి. అంటే దాదాపు 11 అంగుళాలు గాలిలో ఉంటుంది. ఆ అంచుకు చిన్న ఆపుడు గోడ కట్టి, కంకర పలచని పొరలుగా పోసి, ప్రతి పొరా దిమ్మిసతో గట్టిగా కొట్టి నింపాలి. తవ్విన బంకమన్ను దాని కింద వేయకండి, తడిసి ఆరినప్పుడల్లా రాళ్లు ఎగుడుదిగుడవుతాయి. ఇంటి వైపు తవ్వాల్సిన లోతు మామూలు లెక్కే: రాయి రెండుంబావు అంగుళాల పైచిలుకు, ఇసుక 1, కంకర కనీసం 4.

మడులను ఆ గోడకు దిగువన పెట్టుకోండి. గోడ వెనక నీళ్లు నిలవకుండా అడుగున రంధ్రాల గొట్టం వేయడం మరవకండి.