సంక్రాంతి సెలవుల్లో స్కీయింగ్: గుల్మార్గా, ఔలీనా?

అలిపిరి మెట్లు:
తిరుపతి నుంచి నలుగురు. ఇద్దరు పెద్దవాళ్లు, పదో తరగతి అమ్మాయి, పన్నెండేళ్ల పిల్లోడు. ఎవరూ ఇంతవరకు స్కీలు కట్టింది లేదు. సంక్రాంతికి 9 రోజులు, అందులోనే పోయి రావాల. ఫోటోలు కాదు, నేర్చుకోవడం ముఖ్యం. కాశ్మీరులో గుల్మార్గా, ఉత్తరాఖండ్‌లో ఔలీనా, ఏది మేలు?

రేణిగుంట రన్‌వే:
9 రోజులంటే ఔలీ మాట మరిచిపోండి సామీ. రిషికేశ్ నుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్లు, దారి బాగుంటేనే 9, 10 గంటలు. చలికాలం పొద్దు తొందరగా మునుగుతుంది, చీకట్లో ఆ ఘాట్లో పోకూడదు. జోషీమఠ్ నుంచి పైకి 4 కిలోమీటర్ల రోప్‌వే ఉండేది, 2023 జనవరిలో ఊరు కుంగినప్పుడు ఆపేశారు. దాంతో ఆ కొసకూ రోడ్డే గతి. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. మంచు మీద మిగిలేది అయిదు.

గుల్మార్గ్‌కైతే పొద్దున చెన్నైలో విమానం ఎక్కి ఢిల్లీలో మారితే సాయంత్రానికి శ్రీనగర్. అక్కడి నుంచి 50 కిలోమీటర్లే. టంగ్‌మర్గ్ దాకా మామూలు బండి, పైన 13 కిలోమీటర్లు మంచుంటే చక్రాలకు గొలుసులు కట్టిన బండి.

కాణిపాకం కుర్రోడు:
దారి లెక్క ఒప్పుకుంటా అన్నా. కానీ అందరూ గుల్మార్గ్ అనేది అక్కడి గండోలా, అంటే రోప్‌వే, చూసి. దాని రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీద, 3,900 మీటర్లు దాటినచోట దించుతుంది. అక్కడి నుంచి కిందికి వచ్చేది చేయి తిరిగినవాళ్లే. హిమపాతాల భయం ఉన్న వాలు అది, గాలి గట్టిగా వీస్తే ఆ దశే మూసేస్తారు. కొత్తవాళ్లు ఉండేది కింద మైదానంలోనే.

ఔలీలో సుమారు 3,000 నుంచి 2,500 మీటర్లకు దిగే పొడుగాటి వాలు, ఎదురుగా నందాదేవి శిఖరం. అక్కడి ప్రభుత్వ టూరిజం సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7 రోజులు, 14 రోజుల కోర్సులు పెడుతుంది. బస, భోజనం, పరికరాలు, గురువు అన్నీ అందులోనే.

రేణిగుంట రన్‌వే:
7 రోజుల కోర్సు, 4 రోజుల దారి. 11 అయింది తమ్ముడూ, ఆయన దగ్గర 9 ఉన్నాయి.

కాణిపాకం కుర్రోడు:
అయితే ఫిబ్రవరికి జరుపుకోవాల. ఎట్లా జరిపినా మంచి నెల అదే.

అలిపిరి మెట్లు:
పదో తరగతి అమ్మాయి ఉంది నాయనా. మార్చిలో పరీక్షలు.

తలకోన నీళ్లు:
మంచు సంగతి ఎవరూ ఎత్తలేదే. మనకు కార్తీకంలో బంగాళాఖాతం వాయుగుండం ఎట్లనో, హిమాలయాలకు మధ్యధరా వైపు నుంచి వచ్చే పడమటి అలజడులు అట్లా. అవి ముందు కాశ్మీరు మీద కురిసి, తర్వాత తూర్పుకు జరుగుతాయి. ఔలీకి అందేది చాలాసార్లు మిగిలిందే. ఔలీలో ఫోటోలు దిగే చెరువు ఉంది చూడండి, అది మంచు తయారుచేసే మిషన్లకు నీళ్లిచ్చే తొట్టి. గాలి సున్నాకు కనీసం రెండు డిగ్రీలు కిందికి పోయి, పొడిగా ఉంటేనే ఆ మిషన్లు పనికొస్తాయి. వెచ్చటి జనవరిలో చెరువు నిండా నీళ్లున్నా లాభం లేదు.

అట్లని గుల్మార్గ్‌కు పూచీ ఎవరూ ఇవ్వలేరు. డిసెంబరు 21 నుంచి 40 రోజులు కాశ్మీరులో చలి ముదిరే చిల్లై కలాన్‌లో సంక్రాంతి నట్టనడుమ వస్తుంది. అయినా 2024 జనవరి సగం దాటాక కూడా అక్కడి మైదానంలో గడ్డే కనపడింది. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్మార్గ్ భాగం మంచు లేక ఫిబ్రవరి నుంచి మార్చికి పోయింది. కాబట్టి రద్దు చేస్తే డబ్బు వెనక్కొచ్చే గదులే తీసుకోండి. జనవరి మాటకైతే నా ఓటు గుల్మార్గ్‌కే.

పూతలపట్టు పిన్ని:
ఊరి పేరు మీద కొట్లాట చాలుగానీ, కొత్తవాళ్లకు మొదటి రోజు పాడయ్యేది బూటు దగ్గర. చలని రెండు జతల మేజోళ్లు వేస్తారు. రెండూ ముడతలు పడి, రక్తం ఆడక, కాలు ఇంకా చల్లబడుతుంది. మోకాలి కింద దాకా వచ్చే పలచటి మేజోడు ఒక్కటి చాలు. ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు.

కాలు దూర్చి, మడమను నేలకు రెండుసార్లు కొట్టి, అప్పుడు బకిల్స్ పెట్టాల. నిలబడితే వేళ్లు ముందుకు తగిలీ తగలనట్టుండాల, మోకాళ్లు వంచితే వెనక్కి రావాల. వేలు దూరేంత ఖాళీ మిగిలితే ఒక సైజు చిన్నది అడగండి. అద్దె కొట్టువాళ్లు హాయిగా ఉంటుందని పెద్దదే ఇస్తారు, దాంతో మలుపు తిరగదు.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ మీద చిన్న కిటికీలో బిగింపు చెప్పే ఒక అంకె ఉంటుంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, అనుభవం చెప్పి మీ ముందరే తిప్పించుకోండి. ఎక్కువ బిగిస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మెలి మోకాలికి పోతుంది. పిల్లోడికి నాన్న అంకె పెట్టేసి పంపడం పెద్ద తప్పు. స్కీ పొడవు గడ్డం దాకా చాలు.

అలిపిరి మెట్లు:
సరే పిన్నీ, గుల్మార్గే. ఎన్ని రోజులు గురువును పెట్టుకోవాల?

కాణిపాకం కుర్రోడు:
ఓడిపోయా, ఒప్పుకుంటా. నాలుగు రోజులు, ఇద్దరికొక గురువు. దిగిన రోజు స్కీ వద్దు. గుల్మార్గ్ 2,650 మీటర్లు, అంటే మూడు తిరుమలలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. తలనొప్పి, వాంతి ఉంటే గండోలా ఎక్కొద్దు. మొదటి రెండు రోజులూ స్కీల ముందు కొసలు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి ఆగడమే నేర్చుకోవాల. భయమేస్తే ఒళ్లు వెనక్కి వాలుతుంది, వాలితే స్కీలు ఇంకా జోరందుకుంటాయి. మోకాలి కింద ముందరి ఎముక బూటు నాలుకకు ఆని ఉందా అని చూసుకుంటూ ఉండాల.

రేణిగుంట రన్‌వే:
ఇంకొకటి. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకాశ్మీర్‌లో పలకదు. నలుగురిలో ఒక్కరిదన్నా పోస్ట్‌పెయిడ్ ఉండేట్టు ఇక్కడే మార్చుకుని పోండి.