అప్‌డేట్: పాంక్రియాస్ దొరికింది

పొట్ట అల్ట్రాసౌండ్ స్కాన్‌లో పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) పేగుల్లోని గ్యాస్ చాటున కనబడట్లేదని, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. శ్రీకాకుళంలో స్కానింగ్ ట్రైనింగ్‌లో ఉన్నాను. మీరు చెప్పినట్టు ముందు స్ప్లీనిక్ వెయిన్‌ని (ప్లీహం నుంచి వచ్చే సిర) వెతికాను. ఛాతీ ఎముక కింద ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) అడ్డంగా పెట్టి, లివర్ ఎడమ లోబ్ మీదుగా చూస్తే నల్లటి గొట్టంలా కనబడింది. దాని ముందే పాంక్రియాస్! గ్యాస్ అడ్డొస్తే ఊపిరి బాగా పీల్చి బిగబట్టమంటున్నాను, లివర్ కిందికి దిగుతుంది. మెల్లగా నొక్కితే గ్యాస్ కూడా తప్పుకుంటోంది. పాంక్రియాస్ తోక భాగం (ఎడమ చివర) ఇంకా కష్టమే. నీళ్లు తాగించి చూడమన్నారు మేడమ్.

కిడ్నీల దగ్గర టెన్షన్ వేరు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లు వస్తుంటారు. కార్టెక్స్ (కిడ్నీ బయటి పొర) లివర్ కంటే తెల్లగా, కిడ్నీ చిన్నగా కనబడితే, కిడ్నీ దెబ్బతిందేమోనని మనసు కలుక్కుమంటుంది. పొడవు కొలిచేటప్పుడు అస్సలు తొందరపడను, పాత రిపోర్టుతో డాక్టరుగారు పోల్చేది ఆ అంకెనే.