లెక్క తేడా కనిపిస్తే భాష ఎడిటర్ నోరు విప్పాలా?

ప్రశ్న (యశ్వంతపురం, బెంగళూరు):
ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ చేశాను. రెండేళ్లుగా ఇంటి నుంచే వైద్య, జీవశాస్త్ర పరిశోధన పేపర్లు ఎడిట్ చేస్తున్నాను. పదానికి ఇంతని రేటు, భాష వరకే చూడాలని ఒప్పందం. నిన్న వచ్చిన పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే మొదట్లో ఇచ్చే సారాంశంలో, రోగులు 48 మంది. రెండో టేబుల్‌లో మందు వేసుకున్నవాళ్లు 24, వేసుకోనివాళ్లు 22. మిగతా ఇద్దరూ ఏమైనట్టు? పని పంపే ఏజెన్సీని అడిగితే "భాష చూసి పంపండి చాలు" అన్నారు. రేపు సాయంత్రానికి ఇచ్చేయాలి. ఏం చేయమంటారు?

మారతహళ్ళి నుంచి:
చాలు అన్నాక ఇక చాలండీ. సైన్స్ చూడటానికి రివ్యూయర్లు ఉన్నారు. భాష దిద్దినంత మాత్రాన రచయితగా పేరు రాదని ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమాల్లోనే ఉంది. పేరు లేని చోట బాధ్యత ఎందుకు నెత్తినేసుకోవడం? ఇవాళ ఒక టేబుల్ చూస్తే రేపు అదే రేటుకి అన్నీ చూడమంటారు.

మల్లేశ్వరం నుంచి:
రేటు మాట నిజమే. కానీ బాధ్యత వేరు, చెప్పడం వేరు. అసలు భాషకీ సైన్స్‌కీ మధ్య గీత ఎక్కడ గీస్తారు? టీపీ53 అనే జన్యువు మనిషిదైతే ఇంగ్లీషులో అన్నీ పెద్ద అక్షరాల్లో రాస్తాం, ఎలుకదైతే మొదటి అక్షరం మాత్రమే పెద్దది, స్పెల్లింగ్ కూడా కాస్త వేరు. అది దిద్దాలంటే ప్రయోగం దేని మీద చేశారో చదవక తప్పదు కదా.

నాకు ఒకసారి జన్యువుల టేబుల్‌లో సెప్ట్2 అనే జన్యువు పేరు ఉండాల్సిన చోట సెప్టెంబర్ 2 అని కనిపించింది. ఎక్సెల్ దాన్ని తేదీ చేసేసింది. ఈ బెడద వల్లే ఆ జన్యువు పేరు సెప్టిన్2గా మార్చారు, జన్యువుల పేర్ల మీద వచ్చిన 2020 మార్గదర్శకాల్లో ఆ సంగతి ఉంది. మరి నేను పట్టుకున్న ఆ తప్పు భాషదా, సైన్స్‌దా?

అయితే అంకె మాత్రం మీరు దిద్దకండి. ఇద్దరు మధ్యలో మానేసి ఉండొచ్చు, టైపింగ్ పొరపాటూ కావొచ్చు. "అబ్‌స్ట్రాక్ట్‌లో 48, టేబుల్ 2లో మొత్తం 46 వస్తోంది, దయచేసి సరిచూడండి" అని పక్కన కామెంట్ పెట్టండి. అర నిమిషం పని. ఆ మందు రేపు ఎవరింట్లోనో వాడతారండీ.

మారతహళ్ళి నుంచి:
కామెంట్ వరకు ఒప్పుకుంటాను. కానీ టేబుళ్లు కూడి చూడటం వేరే పని, దానికి వేరే రేటు అని ఒప్పందంలో రాయించుకోండి. ఆ మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.

యశ్వంతపురం నుంచి:
కామెంట్ పెట్టి పంపేశాను. ఏజెన్సీ దాన్ని తీసేయకుండా రచయితకు చేరుస్తుందా అన్నదే ఇప్పుడు టెన్షన్.