బేస్ గిటార్‌కి ర్యాక్ కావాలా, పెడల్ చాలా?

గుణుపురం కుర్రాడు: అన్నలకు నమస్తే. ఆర్కెస్ట్రాలో ఐదు తీగల బేస్ వాయిస్తున్నాను. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ చుట్టూ చవితి పందిళ్లు, పెళ్లిళ్లు, డిసెంబరులో చర్చి ప్రోగ్రాములు. విశాఖలో ఒకాయన వాయించడం మానేసి సామాను అమ్ముతున్నాడు. 4యూ ర్యాక్ కేసు, అంటే సామాను వరసగా బిగించుకునే పెట్టె. అందులో గిటార్ సౌండును పెంచి దిద్దే శాన్సాంప్ ఆర్‌బీఐ ప్రీయాంప్, గట్టి దెబ్బల్ని అణిచి సౌండు సమానం చేసే డీబీఎక్స్ 160ఏ కంప్రెసర్, ఒక పవర్ కండిషనర్. మొత్తం 45 వేలు అంటున్నాడు. తీసుకోనా?

రాయగడ బేస్: కళ్లు మూసుకుని తీసుకో తమ్ముడూ. ర్యాక్ అంటే ఇంట్లో ఒకసారి వైరింగ్ చేసుకుంటే అయిపోయినట్టే. స్టేజీ మీద ముందు మూత, వెనక మూత తీయి, ఒక ప్లగ్గు, ఒక జాక్, అంతే. పెడల్స్, అంటే కాలితో నొక్కే చిన్న పెట్టెలు అయితే అడాప్టర్ ఎక్కడ, చిన్న వైరు ఎక్కడ అని చీకట్లో వెతుక్కోవాలి. 160ఏలో ఎటాక్, రిలీజ్ నాబ్‌లు కూడా ఉండవు, ఎంత త్వరగా పట్టాలో, ఎప్పుడు వదలాలో అదే చూసుకుంటుంది. రేషియో (ఎంత అణచాలో) 4:1 పెట్టి, గట్టిగా కొట్టినప్పుడు నాలుగైదు డెసిబెల్స్ తగ్గేలా చూసుకో. నీ ఐదో తీగ 31 హెర్ట్జ్. ఓపెన్‌గా కొడితే అదొక్కటే ఉబ్బిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది కంప్రెసరే. పాతికేళ్లుగా వాయిస్తున్నాను, ఊరికే చెప్పట్లేదు.

మిక్సర్ బాబు: గురువుగారూ, మీకు బొలెరో ఉంది. కుర్రాడు బస్సు టాపు మీద వేసుకుని రావాలి. ర్యాక్ వెడల్పు 19 అంగుళాలు, 4యూ అంటే ఏడంగుళాల ఎత్తు. రాసుకుంటే చిన్నదే, ఇనుము నిండితే మోసేవాడికి తెలుస్తుంది. శాన్సాంప్‌లోనే బేస్ డ్రైవర్ డీఐ పెడల్ ఉంది, గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపేది. నా మిక్సర్ నుంచి మైకు వైరులోనే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు పంపితే దాంతోనే నడుస్తుంది. స్టేజీ మీద ప్లగ్గే అక్కర్లేదు. కంప్రెసర్ అంటారా, ఇప్పుడు డిజిటల్ మిక్సర్‌లో ప్రతి చానెల్‌కీ ఉంది.

చర్చి గిటార్: ర్యాక్‌లో ఖాళీ ఉంటే దోమల చక్రం కూడా పెట్టుకోండి.

రాయగడ బేస్: ప్లగ్గు అక్కర్లేదట! జనరేటర్ మీద కరెంటు ఎలా ఆడుతుందో బాబుకి తెలీదా? లైట్లన్నీ ఒకేసారి వెలిగితే వోల్టేజీ పడిపోతుంది. అందుకే కండిషనర్. నా ప్రీయాంప్‌ని అదే కాపాడింది.

మిక్సర్ బాబు: మామూలు కండిషనర్ వోల్టేజీ సరిచేయదండీ. పిడుగుపాటుకో, స్విచ్చికో ఒక్కసారి ఎగిరే కరెంటును ఆపుతుంది, కాస్త గరగర తగ్గిస్తుంది. 230 రావాల్సింది 170 వస్తే అది 170నే లోపలికి పంపుతుంది. సరిచేయాలంటే స్టెబిలైజర్ కావాలి.

రాయగడ బేస్: నా పెట్టె కాలలేదు. నాకది చాలు.

మిక్సర్ బాబు: కాలలేదంటే కండిషనర్ కాపాడిందనా? మా ఇల్లూ కాలలేదు, మా గుమ్మానికి గుమ్మడికాయ ఉంది.

బరంపురం కీస్: మీ ఇద్దరి మధ్యా అసలు మాట పోతోంది. తమ్ముడూ, హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం తీయకు. మన ట్రూపుల్లో సగంమంది ప్లగ్గులకు మూడో పిన్ను ఉండదు. మైకు పట్టుకున్న పెదవికి షాక్ కొట్టేది ఇందుకే. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని స్విచ్ ఉంటుంది, అది నొక్కు. అది సిగ్నల్ వైరు గ్రౌండునే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది.

రాయగడ బేస్: కీబోర్డు ఆయన కూడా వచ్చారా. రండి. ఎడమ చెయ్యి ఎలా ఉంది?

బరంపురం కీస్: అదేం మాటండీ?

రాయగడ బేస్: పోయినేడు జాతరలో మూడు గంటలు వాయించాను. దిగాక మా బావమరిది అడిగాడు, "బావా, నీది వినపడలేదేటి" అని. ఈ బాబు నా చానెల్ మ్యూట్‌లో పెట్టాడు. సబ్ స్పీకర్లలోకి, అంటే లోతు సౌండు మోగించే పెద్ద స్పీకర్లలోకి వెళ్లింది ఈయన ఎడమ చేత్తో వాయించే బేస్. అందుకే చెబుతున్నాను తమ్ముడూ, నీ ప్రీయాంప్, నీ పవర్ యాంప్, నీ క్యాబినెట్ (స్పీకరు పెట్టె) నీ వెనకాల ఉండాలి. మిక్సర్ దగ్గర ఎవడు ఏ బటన్ నొక్కినా, ముందు వరసలో కూర్చున్నవాళ్లకు నీ చెయ్యి వినపడాలి.

చర్చి గిటార్: ఓహో. పాతికేళ్ల కంప్రెసర్ కథ ఇదా.

మిక్సర్ బాబు: నొక్కాను. కాదనను. ఉన్నవి రెండు పద్దెనిమిది అంగుళాల సబ్ స్పీకర్లు. మీ కింది 'ఇ' (E) తీగ 41 హెర్ట్జ్, ఆయన ఎడమ చెయ్యీ అక్కడే. రెండూ కలిస్తే బురద. కీబోర్డు ఉంచి బేస్ తియ్యమన్నది ఓనరు. స్టేజీ మీద మీ సొంత క్యాబినెట్ మోగి ఉంటే బురద ఇంకా పెరిగేది, పాడేవాళ్ల మైకుల్లోకి కూడా దూరేది.

బరంపురం కీస్: నన్ను రెండు చేతులతో వాయించమని పెట్టుకున్నారు. అదనంగా పైసా ఇవ్వలేదు. బేస్ ఆయన లేకపోతే ఒక మనిషి కూలి మిగులుతుందని ఓనరు నా ముందే అన్నాడు. మీకు చెప్పాల్సింది. చెప్పలేదు.

రాయగడ బేస్: స్టేజీ మీద నుంచి మూడుసార్లు చెయ్యి ఊపాను బాబూ నీకు.

మిక్సర్ బాబు: ఊపడం చూశాను. బాగుందని అంటున్నారనుకున్నాను.

గుణుపురం కుర్రాడు: అన్నా, మా ట్రూపులోనూ కీబోర్డాయన ఎడమ చేత్తో బేస్ వాయిస్తారు. ముందు ఆయనతో మాట్లాడతాను. మొత్తం వద్దు, 160ఏ ఒక్కటీ ఇస్తాడేమో విశాఖ ఆయన్ని అడుగుతాను.

రాయగడ బేస్: ఇవ్వడు. విడిగా అమ్మితే మిగతావి ఎవరు కొంటారు? నలభైకి బేరమాడు, కేసు నేను తీసుకుంటాను. నాది మూత విరిగింది.